కార్బన్ ఫైబర్ పలక చేసుకోవడం ఎలా: రాయలసీమ ఎండకు తగ్గ పద్ధతి

"చేసిన రోజు రాయిలా ఉంది, మధ్యాహ్నం మిద్దె మీద పెడితే వంగిపోయింది, ఎందుకు?" అనంతపురం, కర్నూలు, కడపల నుంచి కార్బన్ ఫైబర్ గురించి వచ్చే ప్రశ్నల్లో చాలావరకు చుట్టూ తిరిగి ఇక్కడికే చేరతాయి. అడిగేవాళ్లలో ఇంజనీరింగ్ విద్యార్థులు, డ్రోన్లు బాగుచేసేవాళ్లు, ఎలక్ట్రిక్ సైకిల్‌కు బ్యాటరీ ట్రే చేసుకుందామనుకునేవాళ్లు ఉన్నారు. అందరికీ పనికొచ్చేలా ఒక పలకను మొదటి నుంచి చివరి దాకా చేసే పద్ధతి ఇది: 30 సెంటీమీటర్ల చదరం, 2 మిల్లీమీటర్ల మందం, 8 పొరలు.

ముందు తెలుసుకోవాల్సింది ఒక్కటే. కార్బన్ పోగులో ఒక్కో తంతువు మందం 5 నుంచి 7 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). పొడవునా లాగితే ఉక్కుకు తీసిపోదు, అడ్డంగా మడిస్తే పుటుక్కున విరుగుతుంది. ఆ తంతువుల్ని కదలకుండా పట్టి ఉంచేది ఎపాక్సీ రెజిన్ అనే, గట్టిపడే జిగురు. పలక ఎంత వేడికి నిలబడుతుందో తేల్చేది కార్బన్ కాదు, రెజిన్. గదిలో ఆరబెట్టి వదిలేసిన మామూలు ఎపాక్సీ 50, 60 డిగ్రీల దగ్గరే మెత్తబడటం మొదలుపెడుతుంది. మే నెల ఎండలో నల్లటి పలక ఆ వేడిని సులువుగా దాటేస్తుంది. అందుకే కింద చెప్పిన 9వ అంచెను ఎవరూ వదిలేయకండి.

ఈ పలకతో చిన్న డ్రోన్ ఫ్రేము, కెమెరా మౌంటు, బ్యాటరీ ట్రే, బ్రాకెట్లు చేసుకోవచ్చు. హెల్మెట్, సైకిల్ ఫోర్కు, బ్రేకు లివరు, చేలల్లో మందు కొట్టే పెద్ద డ్రోన్ చేతులు (మోటార్లను మోసే గొట్టాలు) మాత్రం ఇంట్లో చేయకండి. కార్బన్ విరిగేముందు ఇనుములా వంగి హెచ్చరించదు. చీలిన డ్రోన్ చేతికి పైన బట్ట చుట్టి అతికించే పని కూడా వద్దు, కొత్త గొట్టం తెచ్చి వేయండి.

కావలసినవి

కార్బన్ బట్ట: 3కె పోగు (ఒక్కో పోగులో 3,000 తంతువులు), చదరపు మీటరుకు 200 గ్రాములు, సాదా నేత గానీ ట్విల్ (ఏటవాలు గీతల నేత) గానీ. 1 మీటరు వెడల్పున్న బట్ట అయితే 1.6 మీటర్ల పొడవు తీసుకోండి. వాలుగా కత్తిరించే ముక్కలకు బట్ట ఎక్కువ పడుతుంది. మిగిలే రెండు ముక్కలు ప్రయోగానికి పనికొస్తాయి. నల్లరంగు వేసిన గ్లాస్ ఫైబర్‌ను కార్బన్ అని అంటగట్టేవాళ్లూ ఉన్నారు. మల్టీమీటరు ముల్లులు రెండూ ఒకే పోగు మీద గట్టిగా నొక్కి చూడండి. కార్బన్ అయితే కరెంటు పారుతుంది, గ్లాస్ అయితే మీటరు కదలదు.

ఎపాక్సీ రెజిన్, దాన్ని గట్టిపరిచే హార్డెనర్: లామినేటింగ్ రకం, నూనెలా పలచగా పారేది. ప్లంబర్లు వాడే ముద్ద రకం, టేబుళ్ల మీద పోసే రకం పనికిరావు. కొనేముందు డబ్బాతో వచ్చే డేటా షీటులో రెండు అంకెలు చూడండి. ఒకటి పాట్ లైఫ్, అంటే కలిపాక ఎంతసేపు పని చేసుకోవచ్చో. రెండోది పోస్ట్ క్యూర్ (గట్టిపడిన పలకను మళ్లీ వేడి చేయడం, 9వ అంచె) తర్వాత ఎన్ని డిగ్రీల దాకా తట్టుకుంటుందో. మొదటిది 25 డిగ్రీల దగ్గర 90 నిమిషాలకు తగ్గకూడదు. రెండోది 80 డిగ్రీలకు తగ్గకూడదు.

0.1 గ్రాము చూపించే తూకం. కూరగాయల తూకం చాలదు.

8 మిల్లీమీటర్ల గాజు పలక, 60 సెంటీమీటర్ల చదరం. దాని కింద ఆధారంగా కడప బండ గానీ గ్రానైటు గానీ వేసుకోండి. పాలిష్ చేసిన గ్రానైటు మీదే నేరుగా వేయొచ్చా అని తాడిపత్రి వైపు వాళ్లు అడుగుతుంటారు. వేయొచ్చు, కానీ దాని సన్నటి రంధ్రాల్లో రెజిన్ దిగి పట్టేస్తుంది. మైనం ఆరేడు పూతలు వేసి, మూల మీద ఒక చిన్న ముక్క ప్రయత్నించి, ఊడి వచ్చాకే పెద్ద పలకకు దిగండి. కడప బండ మీద మాత్రం నేరుగా వేయకండి. కంటికి చదునుగా కనిపించినా స్కేలు నిలబెడితే కింద వెలుతురు కనబడుతుంది.

మోల్డ్ రిలీజ్ మైనం (ఫైబర్‌గ్లాస్ పనివాళ్లు వాడేదే), పీల్ ప్లై అనే నైలాన్ బట్ట (పలక గట్టిపడ్డాక ఊడదీసేది), చిల్లుల ఫిల్ము, రెజిన్ పీల్చుకునే పాలిస్టర్ దూది పరుపు (దీన్నే బ్రీదర్ అంటారు), వాక్యూమ్ సంచికి (లోపలి గాలి లాగేస్తే పొరల్ని నొక్కిపట్టేది) నైలాన్ ఫిల్ము, అంచులకు జిగురు టేపు.

వాక్యూమ్ పంపు: ఏసీ మెకానిక్కులు గ్యాసు నింపేముందు వాడే పంపు సరిగ్గా సరిపోతుంది, ఒక రోజుకు అద్దెకు అడిగి చూడండి. పంపుకూ సంచికీ మధ్య రెజిన్ ట్రాపు (రెజిన్ పంపులోకి పోకుండా పట్టే డబ్బా), ఒక బాల్ వాల్వు తప్పకుండా ఉండాలి. ట్రాపును మందపాటి పీవీసీ గొట్టం ముక్కకు రెండు వైపులా మూతలు బిగించి చేసుకోవచ్చు. పలచటి గాజు సీసా వాక్యూమ్‌కు పగిలిపోతుంది, వాడకండి.

నైట్రైల్ గ్లవ్సు ఒక డబ్బా, ఎన్95 మాస్కు, కళ్లద్దాలు, చదునైన ట్రేలు మూడు, 2 అంగుళాల బ్రష్షు, రబ్బరు స్క్వీజీ.

పంపు దొరక్కపోతే పైన ఇంకో గాజు పెట్టి బరువు వేయొచ్చు. ఆ తేడా ఎంతో ముందే తెలుసుకోండి. సంచిలో 0.85 బార్ వాక్యూమ్ వస్తే 30 సెంటీమీటర్ల పలక మీద సుమారు 780 కిలోల ఒత్తిడి పడుతుంది. రెండు సిమెంటు మూటలు వేస్తే 100 కిలోలు. కాబట్టి బరువుతో చేసిన పలక మందంగా, రెజిన్ ఎక్కువగా వస్తుంది. బ్యాటరీ ట్రేకు పర్వాలేదు, డ్రోన్ ఫ్రేముకు వద్దు.

చేసే విధానం

1. వేళ చూసుకోండి. డేటా షీటులో రాసే పాట్ లైఫ్ 25 డిగ్రీలకు లెక్క. వేడి 10 డిగ్రీలు పెరిగినప్పుడల్లా అది దాదాపు సగమవుతుంది. 90 నిమిషాల రెజిన్ 35 డిగ్రీల దగ్గర 45 నిమిషాలకు, 42 డిగ్రీల రేకుల షెడ్డులో అరగంట లోపుకు పడిపోతుంది. కొత్తవాళ్లకు 8 పొరలు వేయడానికి 40 నిమిషాలు పడుతుంది. ఏప్రిల్, మే నెలల్లో 2 నుంచి 5 అంచెలు ముందే ముగించుకుని, రెజిన్ పని తెల్లవారుజామున 5 గంటలకు మొదలుపెట్టి 7 లోపు సంచి మూసేయండి. రెజిన్ డబ్బాల్ని ముందురోజు నుంచే ఇంట్లో చల్లటి గదిలో ఉంచండి. ఫ్రిజ్‌లో మాత్రం పెట్టకండి. బయటికి తీయగానే డబ్బాకు చెమ్మ పడుతుంది, ఆ చెమ్మ హార్డెనర్‌ను పాడుచేస్తుంది. డిసెంబరు, జనవరిల్లో ఇందుకు తలకిందులు: రాత్రి చలికి రెజిన్ రెండో రోజుకూ జిగటగానే ఉండొచ్చు, అప్పుడు పొద్దెక్కాకే మొదలుపెట్టండి.

2. గాజు సిద్ధం చేయండి. అసిటోన్‌తో తుడిచి, మధ్యలో 36 సెంటీమీటర్ల చదరంలో మాత్రమే మైనం పూయండి. పూత వేసి, 10 నిమిషాలు ఆగి, మెత్తటి గుడ్డతో మెరిసేదాకా రుద్దాలి. ఇలా అయిదుసార్లు. చివరి పూత తర్వాత గంట ఆగండి. అంచులకు మైనం అంటనివ్వకండి, అంటితే జిగురు టేపు పట్టదు. ఆ టేపును కూడా ఇప్పుడే, పైన కాగితం తీయకుండా, గాజు నాలుగు అంచులా అతికించేయండి. చేతులకు రెజిన్ అయ్యాక టేపు వేయబోతే అది ఎక్కడా అంటుకోదు, సంచి అక్కడే కారుతుంది.

3. బట్ట కత్తిరించండి. ధర్మవరం మగ్గం చూసినవాళ్లకు పడుగు, పేక ఏవో చెప్పనక్కర్లేదు. 32 సెంటీమీటర్ల చదరాలు నాలుగు పడుగు పేకలకు నిట్టనిలువుగా, ఇంకో నాలుగు 45 డిగ్రీల వాలుగా కోయాలి. కోసే గీత మీద ముందు మాస్కింగ్ టేపు వేసి, టేపు మధ్యలోంచి కోస్తే అంచు పోగులు విడిపోవు. బట్టను మడతపెట్టకండి. మడత పడ్డచోట తంతువులు తెగుతాయి, పైకి కనబడవు. కోసిన ముక్కలన్నీ కలిపి తూచి అంకె రాసుకోండి. సుమారు 164 గ్రాములు రావాలి. అంతకు బాగా తేడా ఉంటే బట్ట 200 గ్రాములది కాదన్నమాట.

4. పొరల వరుస రాసి గోడకు అంటించుకోండి. కింద నుంచి: నిలువు, వాలు, నిలువు, వాలు, మళ్లీ వాలు, నిలువు, వాలు, నిలువు. మధ్య గీతకు పైన ఎలా ఉందో కింద అలాగే ఉండాలి. ఈ వరుస తప్పితే పలక గాజు మీద చదునుగా ఉండి, ఊడదీయగానే అప్పడంలా మెలితిరుగుతుంది. తర్వాత ఎంత బరువు వేసినా సరికాదు.

5. రెజిన్ లేకుండా ఒకసారి సంచి కట్టి చూడండి. టేపు కాగితాలు మూలల్లో మాత్రమే తీసి ఊరికే కట్టి చూడటం కాదు, కాగితమంతా తీసి, పంపు వేసి నిజంగా పరీక్షించండి. గేజీ 24 నుంచి 26 అంగుళాల పాదరసం (0.85 బార్ అటూఇటూగా) చూపిస్తే చాలు. అనంతపురం సముద్రమట్టానికి సుమారు 335 మీటర్ల ఎత్తులో ఉంది, అక్కడ ఎంత మంచి పంపు అయినా 29 దాటదు. 30 రావడం లేదని పంపును అనుమానించకండి. వాల్వు మూసి 10 నిమిషాలు చూడండి. ముల్లు ఒక అంగుళం కంటే ఎక్కువ పడితే ఎక్కడో కారుతోంది. చెవి దగ్గర పెట్టి వింటే సన్నటి ఈల వినిపిస్తుంది, ఎక్కువసార్లు మూలల్లోనే. ఇది తేల్చుకున్నాక పాత టేపు, సంచి తీసి కొత్తవి సిద్ధం చేసుకోండి. ఫిల్ము ఖర్చుకు వెనకాడి ఈ పరీక్ష మానేస్తే బట్ట, రెజిన్ రెండూ పోతాయి.

6. రెజిన్ కలపండి, మూడు విడతలుగా. మొత్తం 180 గ్రాములు ఒకేసారి కలిపితే గిన్నెలోనే కాగి, పొగలు వచ్చి, ప్లాస్టిక్ కరిగిపోతుంది. విడతకు 60 గ్రాములు చాలు. 100కు 30 నిష్పత్తి రెజిన్ అయితే 46 గ్రాములకు 13.8 గ్రాముల హార్డెనర్. కాలేజీ ల్యాబుల్లో ఎక్కువగా కనబడే ఎల్‌వై556, హెచ్‌వై951 జతకు (మొదటిది రెజిన్, రెండోది హార్డెనర్) నిష్పత్తి 100కు 10. అక్కడ 54 గ్రాములకు 5.4 గ్రాములే. ఒక్క గ్రాము అటూఇటూ అయితే దాదాపు 20 శాతం తప్పు. అందుకే 0.1 గ్రాము తూకం కావాలన్నది. ఆ జత త్వరగా బిగుసుకుంటుంది, ఎండాకాలానికి అంత అనువైనది కాదు.

పాలిస్టర్ రెజిన్‌తో అలవాటైన ఫైబర్‌గ్లాస్ మేస్త్రీలు త్వరగా ఆరాలని క్యాటలిస్టు ఒక చుక్క ఎక్కువ వేస్తారు. ఎపాక్సీలో ఆ పని చేయకూడదు. ఇక్కడ హార్డెనర్ రెజిన్‌తో కలిసి పదార్థంగా మారుతుంది. ఎక్కువైనా తక్కువైనా మిగిలిపోయింది పలకలోనే మెత్తగా ఉండిపోతుంది.

రెండు నిమిషాలు నిదానంగా కలపండి. గిన్నె అంచులు, అడుగు గీకుతూ కలపాలి. తర్వాత ఇంకో శుభ్రమైన గిన్నెలోకి వంచి మరో నిమిషం. వెంటనే చదునైన ట్రేలో పోసి పలచగా పరచండి, వేడి ఒకచోట చేరదు.

7. పొరలు వేయండి. గాజు మీద పలచగా రెజిన్ పూసి మొదటి బట్ట పరచండి. పైనుంచి పోసి ముంచేయకండి, కింద నుంచి రెజిన్ పైకి ఊరాలి. బూడిద రంగు బట్ట నిగనిగలాడే నలుపుకు తిరిగితే తడిసినట్టు. ఎక్కడైనా మసకగా కనబడితే అక్కడ బ్రష్షుతో పొడిచి తడపండి, రుద్దకండి. రుద్దితే నేత జరిగిపోతుంది. ఒక్కో పొరకు 20 గ్రాములకు మించి పట్టకూడదు. మొదటి విడత మూడు పొరలకు, రెండోది మూడింటికి, మూడోది రెండింటికి. రెండేసి పొరలకు ఒకసారి స్క్వీజీని మధ్య నుంచి బయటికి లాగి గాలి వెళ్లగొట్టండి. ఒకరు కలుపుతూ, ఒకరు పరుస్తూ ఉంటే పని సగం సేపట్లో అవుతుంది. గ్లవ్సు చిరిగితే వెంటనే మార్చండి. చేతికి అంటితే సబ్బుతో కడగండి, థిన్నర్‌తో తుడిస్తే హార్డెనర్ చర్మం లోపలికి దిగుతుంది. ఒకసారి ఎలర్జీ పట్టుకుంటే ఆ తర్వాత వాసన తగిలినా దద్దుర్లు వస్తాయి.

8. సంచి మూయండి. పొరల పైన వరుసగా పీల్ ప్లై, చిల్లుల ఫిల్ము, బ్రీదర్, చివరికి నైలాన్ ఫిల్ము. పంపు వేసి, ఫిల్ము ముడతలు చేత్తో సర్దుతూ నెమ్మదిగా లాగనివ్వండి. బ్రీదర్‌లో అక్కడక్కడా రెజిన్ చుక్కలు తేలితే సరిగ్గా ఉంది. మొత్తం తడిసి ముద్దయితే పలక ఎండిపోతోందని అర్థం, వాక్యూమ్‌ను 15 అంగుళాలకు తగ్గించండి. 30 డిగ్రీలు దాటిన రోజుల్లో 6 నుంచి 8 గంటలు పట్టి ఉంచాలి. కరెంటు పోతే వెంటనే బాల్ వాల్వు మూయండి. లేకపోతే పంపు నూనె వెనక్కి గొట్టంలోకి ఎక్కుతుంది, వాక్యూమ్ కూడా పోతుంది.

24 గంటలు కదపకండి. తర్వాత సంచి, పీల్ ప్లై తీసి, పలక మూలలో పలచటి చెక్క ముక్క దూర్చి ఊడదీయండి. స్క్రూడ్రైవరు పెట్టి తిప్పితే పొరలు విడిపోతాయి. మొండికేస్తే అంచున నీళ్లు పోసి కాసేపు ఆగండి.

9. పోస్ట్ క్యూర్. చేతికి గట్టిగా తగిలిందని పని అయిపోయిందనుకోకండి. పలకను రెండు గాజుల మధ్య చదునుగా పెట్టి నెమ్మదిగా వేడి చేయాలి. డేటా షీటులో వేరేగా లేకపోతే గంటకు 10 డిగ్రీల చొప్పున పెంచి, 60 డిగ్రీల దగ్గర 8 గంటలు ఉంచండి. చెక్కపెట్టెలో రెండు 100 వాట్ల పాత రకం బల్బులు, ఒక థర్మామీటరు ఉంటే చాలు. బల్బులు చెక్కకు, పలకకు తగలకూడదు, దగ్గర మనిషి ఉండాలి. వంటకు వాడే ఓవెన్‌లో పెట్టకండి.

కరెంటు లేకుండానూ చేయొచ్చు. రేకు పెట్టె లోపల నల్లరంగు వేసి, పైన గాజు మూత పెట్టి మిద్దె మీద ఉంచితే మన ఎండకు 60, 70 డిగ్రీలు వస్తాయి. థర్మామీటరు లోపల పెట్టి చూడండి. 75 దాటితే మూత కాస్త తెరవండి. ఎండ బలంగా ఉండేది 11 నుంచి 3 దాకానే కాబట్టి రెండు రోజులు పెట్టాలి. మొదటి రోజు పొద్దున్నే పెట్టెలో పెడితే ఎండతోపాటు వేడి దానంతటదే మెల్లగా ఎక్కుతుంది. మిట్టమధ్యాహ్నం తీసుకెళ్లి ఒక్కసారిగా పెడితే పలక వంకర పోతుంది. చల్లారేది కూడా పెట్టెలోనే.

10. కోయండి. తాడిపత్రి, బేతంచర్ల వైపు బండలు కోసే చోట దొరికే డైమండ్ బ్లేడు, అంచు పళ్లు లేకుండా ఒకే గుండ్రంగా ఉన్నది తీసుకోండి. హాక్సా పళ్లు పోగుల్ని లాగేస్తాయి. కోస్తున్నంతసేపు నీళ్లు చిలకరిస్తూ ఉండండి. ఈ దుమ్ము ఊపిరితిత్తులకు చెడ్డది, చర్మానికి దురద. అంతకంటే చాలామంది మరిచిపోయేది, ఇది కరెంటు పారించే దుమ్ము. స్విచ్‌బోర్డు, కంప్యూటర్, గ్రైండరు మోటారు లోపల చేరితే షార్టు అవుతాయి. ఇంటి వరండాలో కాదు, ఆరుబయట కోయండి. కోసేటప్పుడు వచ్చిన మురికి నీరు ఆరనివ్వకుండా గుడ్డతో తుడిచి, ఆ గుడ్డ మూటగట్టి పారేయండి.

సరిగ్గా వచ్చిందా లేదా

మొదటి పరీక్ష తూకం, అన్నింటికంటే నమ్మదగింది ఇదే. 30 సెంటీమీటర్లకు కోసిన పలకలో కార్బన్ 144 గ్రాములు. పలక మొత్తం 235 నుంచి 260 గ్రాములు, మందం 1.8 నుంచి 2 మిల్లీమీటర్లు ఉంటే బాగా వచ్చినట్టు. 290 దాటితే సగం బరువు రెజిన్‌దే, మీరు మోస్తున్నది ప్లాస్టిక్. 215 కంటే తక్కువుంటే పొరల మధ్య రెజిన్ చాలలేదు. పోల్చుకోవడానికి చెప్పాలంటే ఇదే కొలతలో 2 మిల్లీమీటర్ల అల్యూమినియం 486 గ్రాములు, ఇనుము 1,400 గ్రాములు పైన.

రెండోది, రూపాయి బిళ్లతో పలకంతా తట్టండి. అంతటా ఒకేలా ఖంగుమనాలి. ఎక్కడైనా మొద్దుగా, చచ్చినట్టు మోగితే అక్కడ లోపల గాలి ఉంది. సుద్దముక్కతో గీత గీసి, ఆ భాగం కోసేటప్పుడు పక్కన పెట్టండి.

మూడోది వేడికి. పలకలోంచి కోసిన 2 సెంటీమీటర్ల వెడల్పు పట్టీని రెండు ఇటుకల మధ్య వారధిలా పెట్టి, మధ్యలో అరకిలో బరువు వేలాడదీసి, మధ్యాహ్నం రెండు గంటలు ఎండలో ఉంచండి. బరువు తీసి చల్లారాక స్కేలు ఆనించి చూడండి. వంపు మిగిలిపోయిందంటే పోస్ట్ క్యూర్ చాలలేదు. మళ్లీ పెట్టెలో పెట్టండి.

ఎక్కువగా అడిగే తప్పులు

పైన జిడ్డులాంటి తెల్లటి పొర: చెమ్మ ఉన్న రోజు చేశారు, లేదా చలికి నెమ్మదిగా గట్టిపడింది. గోరువెచ్చని నీళ్లు, స్క్రబ్బరుతో కడిగితే పోతుంది. కడగకుండా దాని మీద రంగు గానీ ఇంకో పొర గానీ వేస్తే ఊడిపోతుంది. అక్కడక్కడా వేలికి అంటుకునే మెత్తటి మచ్చలు మాత్రం వేరు, అవి గిన్నె అంచుల్లో కలవని రెజిన్‌వి. వాటికి మందు లేదు, పలక పారేయాల్సిందే.

కింది వైపు సూదిమొనలంత గుంటలు: మొదటి పొర కింద గాలి చిక్కింది. అందానికే లోపం, బలానికి కాదు. లోతుగా, దగ్గరదగ్గరగా ఉంటే మాత్రం సంచి కారింది.

గాజుకు అతుక్కుపోవడం: మైనం పూతలు ఆరకముందే పని మొదలుపెట్టారు.

బిగించేటప్పుడు

రంధ్రానికి కార్బైడ్ డ్రిల్లు బిట్టు వాడండి, పలక వెనక చెక్క గట్టిగా బిగించి, నొక్కకుండా వేయండి. వెనక చెక్క లేకపోతే బిట్టు బయటికొచ్చే చోట పొరలు పువ్వులా విచ్చుకుంటాయి. రంధ్రం మధ్య నుంచి పలక అంచుకు కనీసం బోల్టు మందానికి మూడింతల దూరం ఉంచండి. కోసిన అంచులన్నిటికీ పలచటి ఎపాక్సీ ఒక పూత వేస్తే నీళ్లు లోపలికి దిగవు.

అల్యూమినియం నేరుగా తగలకూడదు. కార్బన్, అల్యూమినియం ఆనుకుని తడి తగిలితే అల్యూమినియం తెల్లగా పొడిరాలి తినేసుకుంటుంది. స్టెయిన్‌లెస్ బోల్టులు వేయండి, అల్యూమినియం భాగం తప్పదనుకుంటే మధ్యలో ఒక పొర గ్లాస్ ఫైబర్ అతికించండి. డ్రోన్ అయితే స్పీడు కంట్రోలరు, వైర్ల కీళ్లు ఫ్రేముకు తగలకుండా ఇన్సులేషన్ చేయండి, ఫ్రేమే కరెంటు పారిస్తుంది. జీపీఎస్, రిసీవరు యాంటెన్నాలు కార్బన్ పలకకు పైన, బయట ఉండాలి. కింద పెడితే సిగ్నల్ అడ్డుపడుతుంది.

ఎండలో తిరిగే వస్తువుకు కార్ల పెయింటర్లు వాడే టూ కాంపోనెంట్ పీయూ (పాలీయురేథేన్) క్లియరు, అంటే రంగులేని పైపూత, రెండు పూతలు కొట్టించండి. ఎండకు ఎపాక్సీ పసుపెక్కి, సుద్దలా పొడిరాలుతుంది. కొట్టేముందు 400 నంబరు వాటర్ పేపరుతో తడిగా రుద్దండి, పైపొర పోగులు బయటపడేదాకా మాత్రం వద్దు.

మిగిలిన బట్టను గొట్టానికి చుట్టి, కవరులో ఉంచండి. హార్డెనర్ డబ్బా మూత ప్రతిసారీ తుడిచి బిగించండి, అది గాలిలో చెమ్మను లాక్కుంటుంది. రెజిన్ చలికాలంలో చక్కెర పాకంలా గట్టిపడి గరుగ్గా కనబడితే పాడైపోలేదు. మూత వదులు చేసి, డబ్బాను 50, 60 డిగ్రీల నీళ్లలో ఉంచి గరుకు పోయేదాకా కరిగించండి, పూర్తిగా చల్లారాకే హార్డెనర్ కలపండి.